పట్టాలను సరిచేయడమా, పెట్టెను వంచడమా: ఏది మేలు?

లండన్ యూస్టన్ నుంచి గ్లాస్గోకు వెళ్లే వెస్ట్ కోస్ట్ మెయిన్ లైను పొడవు సుమారు 645 కిలోమీటర్లు. దక్షిణాన రాబర్ట్ స్టీఫెన్‌సన్ 1838 నాటికి పూర్తి చేసిన భాగం చాలావరకు సూటిగానే సాగుతుంది. ఉత్తరాన మాత్రం, సొరంగాలంటే గిట్టని జోసెఫ్ లాక్ కొండలను తొలవకుండా షాప్ కనుమ మీదుగా దారి మెలికలు తిప్పాడు. ఆవిరి ఇంజన్ల కాలానికి అది తెలివైన పొదుపే. ఆ పొదుపుకు వడ్డీ కట్టవలసి వచ్చింది తరువాతి తరాలవారు.

మలుపులో బండి వేగం పెరిగితే లోపలివాళ్లు బయటి వైపుకు ఒరిగిపోతారు. బయటి పట్టాను కాస్త ఎత్తులో వేసి దీన్ని కొంత సర్దుతారు. కానీ అదే దారిలో గూడ్సు బండ్లు కూడా నెమ్మదిగా వెళ్లాలి కనుక మరీ ఎత్తడం కుదరదు. ఆపైన మిగిలినవి రెండే మార్గాలు: మలుపును సవరించడం, లేదా పెట్టెనే లోపలి వైపుకు వంచడం.

అప్పటి ప్రభుత్వ రైల్వే సంస్థ బ్రిటిష్ రైల్ మొదట వంచడానికే మొగ్గింది. ఏపీటీ అనే ఆ రైలు 1979లో గంటకు 261 కిలోమీటర్ల వేగం అందుకుంది. 1981 డిసెంబరులో ప్రయాణికులతో బయలుదేరి, చలికీ పత్రికల వెటకారానికీ చిక్కి కొద్దిరోజులకే ఆగిపోయింది. కొందరికి కడుపులో తిప్పింది కూడా. వంపు మలుపును పూర్తిగా రద్దు చేసేసరికి ఒంటికి ఏమీ తెలియలేదు, కిటికీలో మాత్రం నేల పైకి లేచింది. కంటికీ ఒంటికీ పొత్తు కుదరకపోతే వచ్చే బాధ అది. వంపును కొంచెం తగ్గిస్తే సర్దుకునేదే, అయితే అప్పటికే పరువు పోయింది.

ఆ చేదు నోట్లో ఉండగానే గీసిన బండి ఇంటర్‌సిటీ 250. ఒక చివర క్లాస్ 93 విద్యుత్ ఇంజను, వెనుక మార్క్ 5 పెట్టెలు, రెండో చివర డ్రైవరు కూర్చునే వ్యాను, గరిష్ఠ వేగం 250 కిలోమీటర్లు. వంగడం లేదు. బండిని సాదాగా ఉంచి మలుపులు, సిగ్నళ్లు, పట్టాలు బాగు చేద్దామన్నది ఆలోచన. 1991లో టెండర్లు పిలిచారు. మాంద్యం ఒకవైపు, రైల్వేలను ప్రైవేటుపరం చేసే సన్నాహాలు మరోవైపు కమ్ముకుని 1992లో పథకం రద్దయింది. ఒక్క పెట్టె కూడా తయారు కాలేదు.

దాని స్థానంలో పదేళ్ల తరువాత వచ్చింది పెండొలీనో అనే వంగే రైలు. ఎనిమిది డిగ్రీల దాకా వంగుతుంది. ఏపీటీని నవ్వులపాలు చేసిన దేశం చివరికి ఆ విద్యకే తిరిగి వచ్చిందన్నమాట.

ఇక తూకం. 200 కిలోమీటర్ల వేగంతో 100 కిలోమీటర్లకు 30 నిమిషాలు, 250తో 24 నిమిషాలు. ఆ ఆరు నిమిషాల కోసం గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, దాన్ని తోసుకుపోవడానికి ప్రతి క్షణం కావలసిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. మలుపు వ్యాసార్థం కూడా అదే ఒకటిన్నర రెట్ల పైచిలుకు పెరగాలి. ఇళ్లు, కాలువలు, వంతెనల మధ్య ఇరుక్కున్న లైనులో అంత చోటెక్కడిది? సవరించలేని ప్రతి మలుపు దగ్గరా బండి వేగం తగ్గించి మళ్లీ పుంజుకోవాలి, ఆరు నిమిషాలు అక్కడే కరిగిపోతాయి. నేటికీ ఈ లైనులో చాలాచోట్ల వంగని బండ్లకు 177 కిలోమీటర్లే పరిమితి, పెండొలీనోకు 200. వేగం ఒక్కటే చూస్తే నా ఓటు వంపుకే.

సుఖం చూస్తే ఓటు మారుతుంది. వంగే పెట్టె పక్క లైను మీదికి, వంతెన గోడ మీదికి పోకూడదు కనుక గోడలు పైకి వెళ్లేకొద్దీ లోపలికి కుంచించుకుపోతాయి. అందుకే పెండొలీనోలో కిటికీలు చిన్నవి, భుజాల దగ్గర ఇరుకు. మార్క్ 5కు ఆ గొడవ లేదు. వంచే యంత్రాలు లేనప్పుడు చెడిపోయేవీ తక్కువే.

డబ్బు విషయంలో రెండింటికీ మార్కులు వేయలేను. వంగే బండి కొంటే పట్టాల ఖర్చు తప్పుతుందనుకుంటాం. జరిగింది వేరు. కొత్తరకం సిగ్నలింగుతో పెండొలీనోను 225తో నడిపిస్తామన్న రైల్‌ట్రాక్, అంటే ప్రైవేటుపరం అయ్యాక పట్టాలను చూసుకున్న సంస్థ, ఆ మాట నిలబెట్టుకోలేకపోయింది, 2001లో కుప్పకూలింది. సుమారు 200 కోట్ల పౌండ్లన్న పని 2008లో ముగిసేసరికి దాదాపు 900 కోట్లు మింగింది. బండ్లు 200 దగ్గరే ఆగిపోయాయి. ఈలోగా ప్రయాణికులు పదేళ్లపాటు పాత ఇంజన్ల వెనుకే వెళ్లారు. ఇంటర్‌సిటీ 250ని కొట్టివేయడంలో నాకు కష్టం కలిగించేది అదే: దాన్ని ఓడించినది మెరుగైన బండి కాదు, ఆ పదేళ్ల ఖాళీ.

2021లో ఒక పెండొలీనో యూస్టన్ నుంచి గ్లాస్గోకు 3 గంటల 53 నిమిషాల 1 సెకనులో చేరింది. 1984లో ఏపీటీ అదే దారిలో నెలకొల్పిన రికార్డు అప్పటికీ 21 సెకన్ల ముందే ఉంది.

ఇప్పుడు లండన్ నుంచి ఉత్తరానికి కడుతున్న కొత్త హైస్పీడ్ లైను హెచ్‌ఎస్2 కోసం తయారుచేస్తున్న రైళ్లు కూడా వంగవు. బర్మింగ్‌హామ్ నుంచి మాంచెస్టర్ వరకు వేయవలసిన కొత్త లైనును 2023లో రద్దు చేశారు. కనుక కొత్త దారిలో దూసుకొచ్చిన బండి ఉత్తరాదికి పోవాలంటే పాత లైనెక్కాలి, అక్కడి మలుపుల్లో పెండొలీనో కంటే నెమ్మదించాలి.