పాత కారుకి ‘మూడు వరసల అల్యూమినియం రేడియేటర్’ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

‘డైరెక్ట్ ఫిట్’, ‘మూడు వరసల రేసింగ్ కోర్’, ‘50 శాతం ఎక్కువ కూలింగ్’. పాత కార్ల కోసం ఈ మూడు మాటలతో అమ్ముతున్న మెరిసే అల్యూమినియం రేడియేటర్ల గురించే ఈ హెచ్చరిక. పైన పటారం లోన లొటారం బాపతు సరుకు ఇందులో బాగా కలిసిపోయింది. కొన్నవాళ్ళ గోడు రెండు రకాలు. కొందరికి బిగించిన కొద్ది నెలలకే ట్యూబూ ట్యాంకూ కలిసేచోట చెమ్మ తేలి, ఆ తర్వాత కారడం మొదలవుతుంది. ఇంకొందరికి చుక్క కూడా కారదు, కానీ ట్రాఫిక్‌లో నిలబడితే ముల్లు ఎప్పటిలాగే ఎర్రగీత వైపు పోతుంది. మొదటివాళ్ళకి అమ్మినవాడు చెప్పేది ‘మీ బండిలో ఎలక్ట్రాలిసిస్ (కూలెంట్ గుండా కరెంటు పారి లోహాన్ని తినేయడం) ఉంది, వారంటీ రాదు’. రెండోవాళ్ళకి ‘మీ ఇంజిన్‌లోనే లోపం’. చిక్కేమిటంటే ఈ రెండు జవాబులూ ఒక్కోసారి నిజమే. అందుకే డబ్బు కట్టకముందే కొన్ని కొలతలు మీ దగ్గర ఉండాలి.

ముందు వరసల లెక్క చూద్దాం. రేడియేటర్ మధ్యలో నీళ్ళు పారే ట్యూబులూ, వాటి మధ్య వేడిని గాలికి వదిలే పల్చటి లోహపు రేకులూ (ఫిన్లు) ఉండే భాగమే కోర్. ముందునుంచి వెనక్కి ఎన్ని ట్యూబులుంటే అన్ని వరసలు. పాత రాగి-ఇత్తడి రేడియేటర్లలో ట్యూబు వెడల్పు మామూలుగా అరంగుళం ఉంటుంది. మంచి అల్యూమినియం రేడియేటర్లో అది ఒక అంగుళం, అంతకంటే ఎక్కువ కూడా ఉండొచ్చు. అంటే అంగుళం ట్యూబులు రెండు వరసలుంటే, అరంగుళం ట్యూబులు నాలుగు వరసలున్న రాగి కోర్‌తో దాదాపు సమానం. మరి ‘మూడు వరసలు’ అని రాసి, కోర్ మందం 40 మి.మీ. మాత్రమే ఉంటే? ట్యూబులు సన్నవన్నమాట. వరసల సంఖ్య ఒక్కటే చూసి కొనడం, ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టే. అమ్మేవాణ్ణి నాలుగు అంకెలు అడగండి: ట్యూబు వెడల్పు, ట్యూబుకీ ట్యూబుకీ మధ్య దూరం, ట్యాంకులు కాకుండా కోర్ మందం, అంగుళానికి ఎన్ని ఫిన్లు. ఈ నాలుగూ చెప్పలేనివాడు తన సరుకు గురించి తనకే తెలియకుండా అమ్ముతున్నాడు.

ఫిన్లు ఎక్కువైతే మంచిదనుకోవడం కూడా పొరపాటే. ఇంజిన్ బెల్టుతో తిరిగే పాత నాలుగు రెక్కల ఫ్యాన్, ఐడ్లింగ్‌లో దట్టమైన కోర్ గుండా గాలిని లాగలేదు. అంగుళానికి 18 ఫిన్లున్న కోర్ హైవే మీద బ్రహ్మాండంగా పనిచేసి, సిగ్నల్ దగ్గర చేతులెత్తేస్తుంది. మందం సంగతీ అంతే. ముందు వరసలు వేడి చేసిన గాలే వెనక వరసకి అందుతుంది కాబట్టి, వరసలు రెట్టింపైనంత మాత్రాన చల్లదనం రెట్టింపు కాదు.

ఇంకో అపోహ కూడా ఉంది. రాగి కంటే అల్యూమినియం వేడిని బాగా లాగుతుందని అమ్మేవాళ్ళు చెబుతుంటారు. అబద్ధం. లోహంగా చూస్తే రాగి ఉష్ణవాహకత (వేడిని దాటించే గుణం) సుమారు 400 వాట్/మీటర్-కెల్విన్, అల్యూమినియానిది సుమారు 235. అల్యూమినియం గెలిచేది వేరే కారణాల వల్ల: ట్యూబుల్ని వెడల్పుగా చేయొచ్చు, ఫిన్నుకీ ట్యూబుకీ మధ్య సీసం టంకం ఉండదు, బరువు తక్కువ. ఈ లాభాలేవీ లేకుండా చేసిన చవక అల్యూమినియం కోర్, శుభ్రంగా ఉన్న అసలు రాగి రేడియేటర్ ముందు తేలిపోతుంది.

అసలు మోసం ఎక్కువగా అతుకుల దగ్గరే జరుగుతుంది. సరైన పద్ధతిలో ట్యూబులు, ఫిన్లు, హెడర్ ప్లేటు (ట్యూబుల చివర్లు దూరే పలక) అన్నీ కొలిమిలో ఒకేసారి బ్రేజింగ్ చేసి, అంటే కరిగిన లోహంతో అతికి, కలుపుతారు. చవక సరుకులో ట్యూబు హెడర్‌లోకి దూరే చోట ఎపాక్సీ జిగురు పూసేస్తారు. మూత తీసి మెడలోంచి టార్చి వేసి చూడండి. ట్యూబు మూతుల చుట్టూ బూడిదరంగులోనో పసుప్పచ్చగానో పిండి మెత్తినట్టు కనిపిస్తే అది జిగురే. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ లోహం ఒక రకంగా, జిగురు ఒక రకంగా సాగి ముడుచుకుంటాయి. కొన్నాళ్ళకి బీట పడుతుంది. అప్పుడు వెల్డింగ్ చేయిద్దామన్నా కుదరదు, ఒకచోట వేడి పెడితే పక్కన ఉన్న జిగురంతా మాడిపోతుంది. అంటే ఆ రేడియేటర్‌ని పారేయడమే. ట్యాంకు మూలల్లో టిగ్ వెల్డింగ్ పూస కూడా గమనించండి. పూస సమంగా లేకుండా సూదిమొన చిల్లులు కనిపించినా, ఒకే చోట రెండు మూడుసార్లు మళ్ళీ వెల్డ్ చేసి రుద్దిన గుర్తులున్నా ఆ పెట్టె మూసి వెనక్కి పంపండి.

‘డైరెక్ట్ ఫిట్’ అన్న మాటని అస్సలు నమ్మొద్దు. పాత రేడియేటర్ విప్పి పక్కన పెట్టి కొలవండి: మౌంటింగ్ రంధ్రాల మధ్య దూరం, పై గొట్టం, కింది గొట్టం ఏ వైపు ఉన్నాయి, వాటి వ్యాసం, డ్రెయిన్ ఉందా, ఫ్యాన్ స్విచ్ ఉంటే దాని మర. అన్నిటికంటే ముఖ్యం, ఫ్యాన్ రెక్క అంచుకీ కోర్‌కీ మధ్య ఖాళీ. కొత్త కోర్ పాతదానికంటే 20 మి.మీ. మందంగా ఉంటే ఆ ఖాళీలోంచే పోతుంది. కనీసం 20-25 మి.మీ. మిగలాలి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు, ఇంజిన్ మౌంటింగులు పాతబడి ఉంటే, ఇంజిన్ ముందుకి ఊగి రెక్కలు కోర్‌ని చెక్కేస్తాయి. గొట్టం ఎక్కించే ముక్కు చివర ఉబ్బెత్తు అంచు ఉందో లేదో వేలితో తడిమి చూడండి. నున్నటి పైపు ముక్క వెల్డ్ చేసి పంపినవి వస్తున్నాయి. వాటిమీద క్లాంపు ఎంత బిగించినా, ప్రెషర్ ఎక్కాక గొట్టం జారి ఊడుతుంది. క్రాస్‌ఫ్లో (నీళ్ళు అడ్డంగా పారే) రకమైతే మూత ఏ వైపు ట్యాంకు మీద ఉందో చూడండి. వేడినీళ్ళు దిగే వైపు ఉంటే, ఇంజిన్ వేగం పెరిగినప్పుడు పంపు తోపుడంతా మూత మీదే పడి కూలెంట్ బయటికి చిమ్ముతుంది. చల్లబడి వెళ్ళే వైపు ఉండాలి.

ఇక పెట్టెలో ఉచితంగా ఇచ్చే మూత. అది తెరుచుకునే ఒత్తిడి చాలాసార్లు 16 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). పాత బండి డిజైన్ 4 లేదా 7 పీఎస్‌ఐ కావచ్చు. ప్రతి పీఎస్‌ఐకీ నీటి మరుగు స్థానం సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. 7 పీఎస్‌ఐ దగ్గర నీళ్ళు సుమారు 111 డిగ్రీలకు మరిగితే, 15 దగ్గర 121కి మరుగుతాయి. దీనివల్ల బండి చల్లబడదు, మరగడం ఆలస్యమవుతుందంతే. ఆ ఒత్తిడి మాత్రం పాత హీటర్ కోర్ మీద, పాత గొట్టాల మీద, పంపు సీలు మీద పడుతుంది. హీటర్ పగిలితే వేడి కూలెంట్ పడేది ప్రయాణికుల కాళ్ళ మీద. మూత లోతు కూడా రెండు రకాలుంటుంది, సుమారు ముప్పావు అంగుళం, ఒక అంగుళం. మెడ లోతుకి సరిపడని మూత గట్టిగా తిరిగి కూర్చుంటుంది, కానీ లోపలి సీలు తాకదు. ‘కొత్త రేడియేటర్ పెట్టినా నీళ్ళు పోతున్నాయి’ అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం ఇంతే.

రేడియేటర్ వచ్చిన రోజే, బండికి బిగించకముందే పరీక్షించాలి. ఒకసారి బిగిస్తే ‘వాడిన సరుకు’ అంటారు. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి. లోపల మంచినీళ్ళు పోసి ఊపి పారబోస్తే అల్యూమినియం రజను రావచ్చు, అది పోయేదాకా కడగండి. తర్వాత రెండు గొట్టాల మూతులకీ రబ్బరు బిరడాలు బిగించి, మెడకి చేతిపంపు ప్రెషర్ టెస్టర్ పెట్టి, వాడబోయే మూత విలువకంటే 3-4 పీఎస్‌ఐ ఎక్కువ ఎక్కించండి. 10 నిమిషాలు ముల్లు కదలకూడదు. నీళ్ళ తొట్టిలో ముంచితే బుడగ ఎక్కడినుంచి వస్తుందో తెలిసిపోతుంది. కంప్రెసర్ గాలి నేరుగా పెట్టొద్దు, ట్యాంకు ఉబ్బి పగులుతుంది.

ఇప్పుడు ఆ ఎలక్ట్రాలిసిస్ సంగతి. అమ్మినవాడి సాకే కావచ్చు గానీ, అల్యూమినియానికి ఇది నిజమైన శత్రువు. మల్టీమీటర్‌ని డీసీ ఓల్టులకి పెట్టి, ఒక తీగ బ్యాటరీలో ఎర్త్ అయిన టెర్మినల్‌కి తాకించండి. పాత బండ్లలో అది పాజిటివ్ కూడా కావచ్చు. రెండో తీగని కూలెంట్‌లో ముంచండి, అది మెడ లోహాన్ని తాకకూడదు. అన్నీ ఆపి ఒకసారి, హెడ్‌లైట్లు, హీటర్ ఫ్యాన్, వైపర్లు ఒక్కొక్కటీ వేస్తూ మళ్ళీ మళ్ళీ, చివరగా స్టార్టర్ తిప్పుతూ చూడండి. ఏ దశలోనైనా 0.1 ఓల్టు దాటితే అల్యూమినియానికి ప్రమాదమే. ఏది వేసినప్పుడు పెరిగిందో దాని ఎర్త్ చెడింది. స్టార్టర్ తిప్పితే పెరిగిందంటే ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ పోయిందని అర్థం. బ్యాటరీ విప్పేసి, మొదటి తీగని ఇంజిన్ బ్లాకుకే తాకించినా ఓల్టేజి చూపిస్తుంటే కూలెంట్ పాతబడి రసాయనికంగా చెడింది. రేడియేటర్‌ని నాలుగు మూలలా రబ్బరు బుష్‌ల మీదే కూర్చోబెట్టండి, ఫ్యాన్ ఎర్త్‌ని రేడియేటర్ బ్రాకెట్‌కి కట్టొద్దు. బాడీ మెలి తిరిగినప్పుడు ట్యాంకు అతుకులు చిట్లకుండా కాపాడేదీ ఆ రబ్బరే. బిగించే ముందు తీసిన ఈ రీడింగులను ఫోటోతో దాచుకుంటే వారంటీ వాదనలో పనికొస్తాయి.

అయితే బండి ఎప్పుడు వేడెక్కుతోందో చూడకుండా రేడియేటర్ మార్చితే డబ్బు వృథా. ఆగి ఉన్నప్పుడే వేడెక్కి, కదిలితే దిగిపోతే లోపం గాలిది: ఫ్యాన్, ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు), బెల్టు. హైవే మీద ఎక్కుతుంటే నీటి ప్రవాహానిదో, ఇంజిన్‌దో: వేగంలో చప్పిడిపడే కింది గొట్టం, పంపు, వెనకబడిన ఇగ్నిషన్ టైమింగ్, పెట్రోలు తక్కువైన పలచటి మిశ్రమం, హెడ్ గ్యాస్కెట్, లేదా రేడియేటరే. ముల్లుని కూడా అనుమానించండి. గేజ్‌లకి 10 ఓల్టుల స్టెబిలైజర్ (ఓల్టేజిని నిలకడగా ఉంచే పరికరం) వాడే పాత బ్రిటిష్ బండ్లలో దాని ఎర్త్ పోతే పెట్రోలు ముల్లు, వేడి ముల్లు రెండూ కలిసి ఎక్కువ చూపిస్తాయి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ని మెరిసే అల్యూమినియం మీద, ఇత్తడి మీద నేరుగా గురిపెడితే అసలుకంటే తక్కువ చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దానిమీద చూడాలి. కొత్త రేడియేటర్ గొప్పగా పనిచేస్తోందని తీసే ఫోటోల్లో చాలావాటి రహస్యం ఈ మెరుపే.

ఇనుప బ్లాకులో ఏళ్ళ తరబడి పేరుకున్న తుప్పు మడ్డి, ముఖ్యంగా వెనక సిలిండర్ల చుట్టూ, కొత్త ట్యూబుల్ని వారాల్లో పూడ్చేస్తుంది. బ్లాకు డ్రెయిన్ విప్పితే నీళ్ళు రాకపోతే తీగతో పొడవండి. అవసరమైతే కోర్ ప్లగ్గులు తీసి కడగాలి. మొదటి కొన్ని రోజులు పై గొట్టంలో సన్నని జాలీ పెట్టి, రోజూ తీసి శుభ్రం చేయడం మంచిది. లీకు ఆపే పొడులు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకునే వాల్వు) తీసేయడం కూడా మందు కాదు. కొన్ని ఇంజిన్లలో అది తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూసేస్తుంది. అది లేకపోతే వేడినీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్‌లోనే చుట్టూ తిరుగుతాయి.

రేడియేటర్‌తో కలిపి అంటగట్టే ఫ్యాన్ కిట్ మరో తలనొప్పి. 16 అంగుళాల ఫ్యాన్ 15 ఆంపియర్లకు పైనే లాగుతుంది. పాత బ్రిటిష్ బండ్లలో కరెంటు తయారుచేసే లూకస్ సీ40 డైనమో మొత్తం సామర్థ్యమే 22. రాత్రి హెడ్‌లైట్లు వేసి ట్రాఫిక్‌లో ఉంటే బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో లెక్క వేసుకోండి. కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ కడ్డీలను కోర్‌లో గుచ్చి ఫ్యాన్ కట్టొద్దు, కదిలి కదిలి ట్యూబుల్ని కొరికేస్తాయి. బెల్టు ఫ్యాన్‌కి సరైన ష్రౌడ్ పెట్టి, రెక్కలు సగం లోపల, సగం బయట ఉండేలా చూసుకుంటే ఆ ఖర్చే తప్పొచ్చు.

కూలెంట్ విషయంలో అల్యూమినియానికి పనికొస్తుందని స్పష్టంగా రాసినదే వాడండి, డిస్టిల్డ్ నీళ్ళతో 50-50 కలపండి. అసలు రాగి-ఇత్తడి రేడియేటరే ఉంచుకుంటే, టంకానికి హాని చేయని పాత రకం సిలికేట్ కూలెంట్ మేలు. అది రెండేళ్ళకోసారి మార్చాలి. నింపేటప్పుడు హీటర్ వాల్వు తెరిచి, బండి ముందు భాగం ఎత్తులో పెట్టి, చల్లటి ఇంజిన్‌ని మూత లేకుండా స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఆగండి. గొట్టాలు నొక్కుతుంటే గాలి బుడగలు పోతాయి. పొంగు సీసా లేని బండిలో మెడకి ఒక అంగుళం కిందే ఆపండి. నిండా పోస్తే వేడెక్కి పొంగిన మేరకు బయటికి కక్కుతుంది, అది లోపం కాదు.

ఇంకొక్క మాట. ‘పాతది ఇచ్చేయండి, ధరలో తగ్గిస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. పాత రేడియేటర్‌లో చెడేది మామూలుగా కోర్ ఒక్కటే. దాని ఇత్తడి ట్యాంకులు, మెడ, పక్క బ్రాకెట్లు ఉంటే, చెయ్యి తిరిగిన రేడియేటర్ పనివాడు వాటికే ట్యూబులు దగ్గరగా ఉండే కొత్త రాగి కోర్ వేసి ఇస్తాడు. ఏ రంధ్రమూ కొత్తగా కొట్టక్కర్లేదు, మూత లోతు మారదు, ఎలక్ట్రాలిసిస్ భయం తగ్గుతుంది. ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసినవాళ్ళు, కొత్తది కారడం మొదలయ్యాక పాతదానికోసం వెళ్తే అప్పటికే అది తూకానికి పోయి ఉంటుంది.