జియావోహె పాత నగరం: తప్పకుండా వెళ్లండి, ప్యాకేజీలో మాత్రం వద్దు

చైనాలో పాత నగరం అనగానే ఎర్ర తలుపులు, వంపు తిరిగిన పెంకుల కప్పులు, లాంతర్లు ఊహించుకుని వస్తే నిరాశే, ఇక్కడ అవేవీ ఉండవు. షిన్‌జియాంగ్‌లోని తుర్ఫాన్ ఊరికి పడమరగా ఓ పది కిలోమీటర్లు పోతే వస్తుంది జియావోహె. ఉన్నదంతా మట్టే. ఆ మట్టి కోసమే నేను వరుసగా రెండు రోజులు వెళ్లాను.

మొదటి రోజు వెళ్లింది ఓ టూర్ వాళ్ల ప్యాకేజీలో, అది నా బుద్ధి తక్కువ. ఇక్కడ యాభై నిమిషాలు, కిస్‌మిస్ దుకాణంలో గంటన్నర. గైడ్ జెండా ఎత్తుకుని ముందు పరిగెడుతుంటే వెనక మేము స్కూల్ పిల్లల్లా. ఫొటోలు బోలెడు వచ్చాయి, ఏం చూశానో మాత్రం రాత్రి హోటల్లో కూర్చుని గుర్తు చేసుకుంటే ఏమీ తట్టలేదు. మర్నాడు టాక్సీ మాట్లాడుకుని ఒక్కడినే పోయాను, అప్పుడు అర్థమైంది.

ఈ ఊరిని చాలావరకు కట్టలేదండీ, తవ్వారు! నేలని పైనుంచి కిందికి తవ్వుకుంటూ పోయి, గోడలకి కావలసినంత మట్టిని అలాగే వదిలేశారు. అంటే వీధి కూడా తవ్విందే. మన ఉండవల్లిలో కొండని తొలిచినట్టు వీళ్లు ఊరికి ఊరినే తొలిచేశారు. నడుస్తుంటే రెండు వైపులా మనకంటే ఎత్తు మట్టిగోడలు, పెద్ద వీధి వైపు ఒక్క గుమ్మం కనబడదు, ఇళ్లకి పోవాలంటే పక్క సందుల్లోకి తిరగాల్సిందే. కొన్ని గోడల్లో దూలాలు దూర్చిన బొక్కలు ఇంకా ఉన్నాయి, ఒకచోట వంగి చూస్తే లోపల పిచ్చుక గూడు.

పేరుకి అర్థం నదులు కలిసేచోటు అని. రెండు ఏటి పాయల మధ్య ఆకు ఆకారంలో ఓ మిట్ట, పొడవు దాదాపు 1650 మీటర్లు, వెడల్పు ఎక్కువున్న చోట 300, అంచుల్లో 30 మీటర్ల నిట్టనిలువు గట్లు. అందుకే కోటగోడ అవసరమే రాలేదు. మొదట జుషి రాజ్యానికి రాజధాని, 640లో చైనా తాంగ్ రాజుల సైన్యం వచ్చాక వాళ్ల పశ్చిమ ప్రాంతాల అధికారి మకాం ఇక్కడే పెట్టాడు. ఆ అధికారి కచేరీ అంటున్న చోట నేల కిందికి దిగితే నడవా లాంటిది ఉంది, బయట నలభై డిగ్రీలు మాడుతుంటే అక్కడ హాయిగా ఉంది, పావుగంట కదల్లేదు నేను. మంగోలుల కాలం యుద్ధాల తర్వాత ఊరు పాడుబడిపోయింది. వాన దాదాపు పడదు కాబట్టి మట్టి ఇన్నాళ్లు నిలిచింది, మన దగ్గరైతే రెండు తుఫాన్లకి చదునైపోయేది.

పెద్ద వీధి చివర బౌద్ధ విహారం. మధ్యలో స్తంభం, దాని గూళ్లలో తలలు పోయిన బుద్ధుడి బొమ్మలు. ప్యాకేజీ వాళ్లు ఇక్కడినుంచే వెనక్కి తిప్పేస్తారు. ఇంకా ఉత్తరానికి పోతే స్తూపాల గుంపు ఉంది, ఎవరూ ఉండరు, గాలి చప్పుడు తప్ప.

హుయాన్‌త్సాంగ్ 630 ప్రాంతంలో ఇటువైపు వచ్చినప్పుడు ఆగింది గావోచాంగ్‌లో, అది తుర్ఫాన్‌కి అవతలి పక్క. అక్కడి రాజు కదలనివ్వకపోతే అన్నం మానేసి మరీ బయటపడ్డాడట. ఆ మనిషే తర్వాత మన ధాన్యకటకం దాకా వచ్చాడు. విమానంలో వచ్చి ఎండకి గొణిగిన నాకు ఇది తలుచుకుంటే కాస్త సిగ్గేసింది.

లోపాలు: నీడ లేదు. బోర్డుల్లో ఇంగ్లీషు ఉంది కానీ పొడిపొడిగా, ముందే చదువుకుని వెళ్తే మంచిది. గోడలు ముట్టుకోకూడదు, ఇటుకల దారి దిగకూడదు, దిగితే అరుస్తారు (నన్ను అరిచారు). పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి, ఫోన్‌లో అలీపే (డబ్బులు కట్టే యాప్) సిద్ధం చేసుకోండి.

వేసవిలో సాయంత్రమే వెళ్లండి. గడియారం బీజింగ్‌ది కాబట్టి రాత్రి తొమ్మిది దాటినా వెలుగు ఉంటుంది, గేటు ఎప్పుడు మూస్తారో మాత్రం ముందే అడగండి. ఏటవాలు ఎండలో గోడలు బెల్లం రంగులోకి వస్తాయి. బయటికొచ్చాక రోడ్డు పక్కన ఖర్బూజా ముక్క కోసిచ్చారు, కిస్‌మిస్ దుకాణంలో గంటన్నరలో దొరకని తీపి అంతా దాంట్లోనే ఉంది. ఐదుకి నాలుగున్నర, ఆ సగం తగ్గించింది నీడ లేనందుకు.