ఇగ్నిషన్ స్విచ్ పోతే ఏది మేలు: సెట్టంతా మార్చడమా, వెనక భాగం ఒక్కటేనా, బటనా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల లోడు ఎత్తే పికప్‌లకు ఇగ్నిషన్ స్విచ్ తొందరగా పోతే ఆశ్చర్యమేమీ లేదు. ఉప్పు గాలి, ఐసు నీళ్లతో తడిసిన చేతులు, రోజంతా బండి ఆపడం, తీయడం. లోపలి రాగి కాంటాక్టులకు పచ్చటి చిలుము పడుతుంది. తాళం తిప్పితే లైట్లు వెలుగుతాయి గానీ సెల్ఫ్ (ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటార్) అందుకోదు. కాస్త కదిపితే అందుకుంటుంది.

మార్చే ముందు బ్యాటరీ టెర్మినళ్లు బిగించి, బండి న్యూట్రల్‌లో పెట్టి, సెల్ఫ్ మోటార్‌కి వెళ్లే సన్న వైరు దగ్గర టెస్ట్ ల్యాంప్ పట్టుకుని ఎవరిచేతనైనా తాళం తిప్పించండి. ల్యాంప్ బాగా వెలిగితే స్విచ్ జోలికి పోనక్కర్లేదు, తేడా మోటార్ వైపే. వెలగకపోతే ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) చూసి అప్పుడు స్విచ్ సంగతి.

గాజువాక ఆటోనగర్‌ మెకానిక్‌ల దగ్గర ముందుగా వినిపించే సలహా 'బటన్ పెట్టేద్దాం అన్నా', అంటే తాళం బదులు నొక్కితే సెల్ఫ్ తిరిగే బటన్. చవకే, పావుగంట పనే. కానీ సెల్ఫ్ లాగే కరెంటుకు రిలే లేని చిన్న బటన్ కాలిపోతుంది. ఇంజన్ నడుస్తుండగా పొరపాటున చెయ్యి తగిలితే సెల్ఫ్ పళ్లు ఫ్లైవీల్ పళ్లను గీకేస్తాయి. తాళంతో పనే లేకుండా వైర్లు డైరెక్ట్ చేస్తే మాత్రం బండిని రోడ్డు మీద వదిలేసినట్టే. బటన్ లోడు దింపి ఇంటికి చేరేదాకా సరే, ఆపైన వద్దు.

లాక్ సెట్టంతా, అంటే ఇగ్నిషన్, డోర్ల లాక్‌లన్నీ మార్చడం ఖరీదు. తాళం సగం తిరిగి పట్టేయడం, బండి నడుస్తుండగానే తాళం ఊడి చేతికి రావడం ఉంటే అరిగింది బ్యారెల్ (తాళం దూరి తిరిగే గొట్టం) కాబట్టి తప్పదు. ఇగ్నిషన్ ఒక్కటే మారిస్తే డోర్లకు పాత తాళం, బండికి కొత్త తాళం మోయాలి. తాళంలో చిప్ ఉన్న మోడలైతే కొత్త తాళాన్ని బండికి గుర్తు చేయించాలి, ఆ ఖర్చు వేరే.

తాళం సాఫీగా తిరుగుతూ కరెంటు మాత్రమే అందకపోతే నా ఓటు వెనకుండే కాంటాక్ట్ భాగానికే. పాత తాళం అలాగే ఉంటుంది. అయితే ఆ భాగం విడిగా దొరికే మోడళ్లకే ఇది కుదురుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవర్ విప్పి, కప్లర్ (వైర్లను స్విచ్‌కి కలిపే ప్లగ్గు) లాగి చూడండి. చాలామంది మెకానిక్‌లు ఇక్కడే హడావుడి పడతారు. కప్లర్‌లో ఒక పిన్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి మెత్తబడి ఉంటే అక్కడ లూజ్ కాంటాక్ట్ వేడెక్కుతోందన్నమాట. కప్లర్ కూడా మార్చకపోతే కొత్త స్విచ్ కూడా అదే దారి పడుతుంది.

లోకల్ సామాను, కంపెనీ సామాను మధ్య ఎంచుకోవాల్సి వస్తే ఈ భాగానికి మాత్రం కంపెనీదే కొనండి. బిగించాక షట్టర్ తాళాలు, గొడౌన్ తాళాలు అన్నీ ఒకే గుత్తికి వేలాడదీయకండి, ఆ బరువుకు బ్యారెల్ అరుగుతుంది.