పాత టేకు తలుపులిచ్చి ఫర్నిచర్ చేయించుకునేవాళ్ళూ, జాగ్రత్త! మా కలప మాకు రాలేదు

పాత ఇల్లు విప్పి ఆ కలపతో బల్లలూ బీరువాలూ చేయించుకుందామనుకునే వాళ్ళు, ముఖ్యంగా మన కోనసీమ వాళ్ళు, దయచేసి ఇది పూర్తిగా చదవండి. హైవే పక్కన పెద్ద షెడ్డు, బయట రుబ్బురోళ్ళూ ఎడ్లబండి చక్రాలూ పేర్చి ఉంటాయే, వాళ్ళ గురించే. కాకినాడ నుంచి భీమవరం దాకా పాత ఇంటి సామాను కోసం ఫోన్లో వెతికిన ప్రతివాళ్ళకీ వాళ్ళ వీడియోలు వచ్చే ఉంటాయి. పేరు రాయొద్దని లాయరుగారు చెప్పారు కాబట్టి రాయడం లేదు. తెలిసినవాళ్ళకి ఈ పాటికి తెలిసిపోయే ఉంటుంది.

మాది లంక ఊళ్ళో మండువా లోగిలి. వాటాలయ్యాక ఎవరూ పట్టించుకోలేదు. పెంకులు జారిపోయి, వాన నీళ్ళు మండువాలోకి కాకుండా గదుల్లోకి దిగడం మొదలైంది. ఈ వేసవిలో విప్పేశాం. స్తంభాలూ దూలాలూ బాబాయి వాటాకి వెళ్ళాయి. వీధి తలుపులు రెండు రెక్కలు, వాటి ద్వారబంధం, నాలుగు కిటికీలు మాకు వచ్చాయి. పాత సామాన్లవాడు గుమ్మం ముందుకొచ్చి బేరమాడాడు, ఇవ్వలేదు. ఆ తలుపులు ఇంట్లోనే ఏదో ఒక రూపంలో ఉండాలని నాన్నగారి కోరిక. ఆరుగురు కూర్చునే భోజనాల బల్ల, ఒక పొడుగాటి బెంచీ చేయిద్దామనుకున్నాం.

అది మామూలు కలప కాదండి. బర్మా టేకు. కాకినాడ రేవులో దిగి, కాలవల్లో పడవ మీద మా ఊరు చేరిందని నాన్నగారు చెప్తారు. 2014లో మయన్మార్ దుంగల ఎగుమతి నిషేధించాక అలాంటి కలప కొత్తగా కొనాలంటే ఎంత కష్టమో అడితీల వాళ్ళని అడగండి. టేకు చెట్టు కోతకి రావాలంటే యాభై, అరవై ఏళ్ళు పెరగాలి. అందుకే పాత ఇళ్ళ కలపకి ఇప్పుడింత గిరాకీ. ఉన్నదాన్ని చిత్రిక పట్టి మళ్ళీ వాడుకుంటే ఇంకో చెట్టు కొట్టక్కర్లేదని, కొత్త ప్లైవుడ్ ఇంట్లోకి తేనక్కర్లేదని మేమూ అదే దారి పట్టాం. ఆ ఆలోచన తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. అది మంచి ఆలోచన కాబట్టే, దాన్ని అడ్డుపెట్టుకుని ఇలాంటివాళ్ళు బతుకుతున్నారంటే నాకు కడుపు రగిలిపోతోంది.

షెడ్డు వాళ్ళు ఫోన్లో ఎంత తియ్యగా మాట్లాడారో చెప్పలేను. మీ కలపే, మీ బల్లే, చేత్తో చేసిన పని, రసాయనాలు లేని పాలిష్, అవిసె నూనె, తేనెమైనం మాత్రమే వాడతాం అన్నారు. కూలీ, పాలిష్ కలిపి రూ.85,000. సగం ముందే తీసుకున్నారు. వ్యాను పంపారు. ఒక్కో రెక్క ఎక్కించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది. వ్యానులో పెట్టాక నేను ఫోటోలు తీశాను. ఇప్పుడు మా దగ్గర ఉన్న బలం అదే.

చెప్పిన గడువు దాటింది. ఫోన్ చేస్తే "కలప ఆరుతోందండి" అన్నారు. వందేళ్ళ నాటి తలుపు ఇంకా ఏం ఆరాలో నాకు అర్థం కాలేదు. చివరికి దుప్పట్లు చుట్టి బల్లా బెంచీ తెచ్చి దింపారు. బల్లని ఇద్దరు కుర్రాళ్ళు సునాయాసంగా లోపలికి మోసుకొచ్చేశారు. బల్ల కాలికి పురికొసతో ఒక చీటీ కట్టి ఉంది, "ఈ బల్ల ఒక చెట్టును కాపాడింది" అని. గదంతా థిన్నర్ వాసన. అవిసె నూనె వాసన ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. అది కాదు. రాత్రి కిటికీలన్నీ తీసి పడుకున్నా అమ్మకి తలనొప్పి తగ్గలేదు. మిగతా డబ్బు అప్పటికే కట్టించుకుని వెళ్ళిపోయారు, కట్టకపోతే బల్లని వ్యానులోంచి దింపేదే లేదన్నారు మరి.

నాలుగు రోజులు గడిచాయో లేదో, అన్నాలయ్యాక తడిగుడ్డతో తుడుస్తుంటే బల్ల మూల దగ్గర అంచు లేచింది. గోరు పెడితే కాగితంలా పైకొచ్చింది. కింద ప్లైవుడ్ పొరలు. పైన కాగితమంత పలచటి టేకు పొర (వెనీర్) అంటించి, అంచుకి పట్టీ వేసి ఇస్త్రీ చేశారు. మా ఊరి వడ్రంగి మావయ్యని పిలిపించాం. ఆయన బల్లని బోర్లా తిప్పించి, కాలి లోపలి వైపు ఉలితో ఒక్క పెచ్చు లేపారు. పైన ఉన్న ఎర్రరంగు పొరలా ఊడొచ్చింది. లోపల తెల్లటి చెక్క, ముతక రేకలు. "నిద్రగన్నేరు అమ్మా, అందులోనూ చేవ లేనిది. ఈ వానాకాలం దాటాక పురుగు పొడి రాలుతుంది చూడు" అన్నారు. మన కాలవ గట్ల మీద నిద్రగన్నేర్లు ఎన్నుంటాయో మీకు తెలుసు. టేకు తలుపులు తీసుకుని గట్టు మీది చెట్టు తెచ్చిచ్చారు. తలుపులకున్న ఇత్తడి పువ్వుల బెజ్జాలు గానీ, గొళ్ళెం వేసిన చోటు గానీ, బల్లలో ఎక్కడా ఒక్క ఆనవాలు లేదు. పాత కలపతో చేసిన సామానుకి ఆ మచ్చలే కదండీ గుర్తు.

సరే, అడుగుదామని నాన్నగారూ నేనూ వెళ్ళాం. ముందు షెడ్డు ఓనరు కనపడలేదు, మేనేజరు ఉన్నాడు. మీ కలప చెదలు పట్టి ఉంది, పనికిరాలేదు, పారేశాం అన్నాడు. టేకు చేవకి చెదలు అంత తేలిగ్గా పట్టవు, అందులో సహజంగా ఉండే నూనె వల్లే మన పెద్దవాళ్ళు గుమ్మాలకి టేకు వాడారు. ఆ తలుపులు 1986 ఆగస్టు వరదల్లో గోదావరి నీళ్ళలో నిలబడ్డాయి. కింది జానెడు నల్లబడింది తప్ప చెక్క మెత్తబడలేదు. 1996 నవంబరు తుఫానులో కొబ్బరిచెట్టు వీధి అరుగు మీద పడి కుడి రెక్క నిలువునా పగిలితే, తాతగారు కొత్త తలుపు పెట్టనివ్వలేదు. వడ్రంగి చేత పగులుకి అడ్డంగా డమరుకంలాంటి చెక్క ముక్క కోయించి అతికించారు. దాని మీద పైనొకటి కిందొకటి రెండు చెక్క చీలలు కొట్టించారు. నాన్నగారు అప్పుడు పక్కనే ఉన్నారట. అలాంటి తలుపు చెదలు పట్టి పారేశామంటే ఎవరు నమ్ముతారు? పారేస్తే మమ్మల్ని ఒక్క మాట అడగరా? ఫోటో పెట్టరా?

మేం మాట్లాడుతుండగానే లోపలి హాల్లోకి ఎవరో కొనేవాళ్ళు వచ్చారు, వాళ్ళ వెంట నాన్నగారు కూడా లోపలికి వెళ్ళారు. ఎంతసేపటికీ రాకపోతే నేనూ వెళ్ళాను. గోడకి ఆనించి, పైన లైటు పెట్టి, మా తలుపులు. రెండు రెక్కలూ. ఇత్తడి పువ్వులు తోమి మెరిపించారు. పక్కన అట్టముక్క మీద "చెట్టినాడు యాంటిక్ డోర్, రూ.1,40,000" అని రాసి ఉంది. నాన్నగారు కుడి రెక్క దగ్గర నిలబడి ఆ అతుకు మీద చెయ్యి పెట్టి ఉన్నారు. రెండు చీలలూ అలాగే ఉన్నాయి. నల్లబడ్డ కింది జానెడుని పాలిష్‌తో కప్పేద్దామని చూశారు గానీ వంగి చూస్తే గీత తెలుస్తూనే ఉంది.

అప్పుడు ఓనరు వచ్చాడు. నాన్నగారికి డెబ్భై ఆరేళ్ళు. ఆయన "బాబూ, ఇది మా ఇంటి తలుపు" అన్నారు, అంతే అన్నారు. ఆ మనిషి అన్న మాట ఇది: "చెయ్యి తియ్యండి సార్, పాలిష్ పోతుంది."

నమస్కారం లేదు, కూర్చోండి లేదు, ఏమైందని అడగడం లేదు. నేను ఫోన్లో ఫోటోలు తీసి చూపించాను. వ్యానులో ఎక్కించినప్పటి ఫోటో, అందులో అతుకు స్పష్టంగా కనిపిస్తోంది. చూడనైనా చూడలేదు. "ఇలాంటి తలుపులు మా దగ్గరకి వందొస్తాయమ్మా. మీ ఇంట్లో ఉంటే పొయ్యిలోకి పోయేవి. బల్ల అడిగారు, బల్ల ఇచ్చాం. ఇంకేం కావాలి?" అన్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళ ముందే అన్నాడు. నాన్నగారు చెయ్యి తీసేసి బయటికి వచ్చి కార్లో కూర్చున్నారు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. నాకు డబ్బు పోయిందన్న బాధ కన్నా ఆ "చెయ్యి తియ్యండి" అన్న మాట ఎక్కువ మండుతోంది. తన తండ్రి బాగు చేయించిన తలుపుని ముట్టుకోవడానికి ఆయన ఎవరి అనుమతి తీసుకోవాలి?

ఇంకోటి. కోనసీమ తలుపుని తమిళనాడు చెట్టినాడు తలుపని చెప్పి అమ్మడం. ఇక్కడి వడ్రంగుల పనితనం మీద ఇంకో ఊరి పేరు వేసి ధర పెంచుకుంటున్నారు. కొనేవాళ్ళు కూడా మోసపోతున్నట్టే. వాళ్ళ పేజీలో "పాత కలపకి పునర్జన్మ" అంటూ పెట్టే వీడియోల్లో ఎన్ని తలుపులు మనలాంటివాళ్ళు బల్లల కోసం ఇచ్చినవో ఎవరికి తెలుసు? రావులపాలెం వైపు తెలిసినవాళ్ళు ఒకరు ఉయ్యాల బల్ల ఇచ్చి టీవీ స్టాండు చేయించుకున్నారు. ఇది విన్నాక వాళ్ళూ స్టాండు తిప్పి చూసుకుంటామన్నారు.

ఇప్పుడు మేం చేస్తున్నది ఇదీ. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చాం. లాయరు నోటీసు వెళ్తోంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాం. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వెయ్యొచ్చు, కాబట్టి చిన్న మొత్తమే కదా అని ఎవరూ ఊరుకోకండి. పని కోసం అప్పగించిన సొత్తుని సొంతానికి వాడుకుంటే అది నమ్మకద్రోహం నేరమనీ, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కిందికి వస్తుందనీ లాయరుగారు చెప్పారు, పోలీసు ఫిర్యాదు కూడా ఇస్తున్నాం. రసాయనాలు లేవని చెప్పి థిన్నర్ పాలిష్ పూసిన సంగతి వేరే. ఆధారం లేకుండా ఎకో ఫ్రెండ్లీ అని ప్రచారం చెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. కాలికి కట్టిన ఆ చీటీని జాగ్రత్తగా దాచాం. మేం వచ్చిన సాయంత్రమే షెడ్డు వాళ్ళు నా నంబరు బ్లాక్ చేశారు.

కలప ఇవ్వబోయేవాళ్ళకి నాలుగు మాటలు. వీలైతే బయటికి పంపకండి, వడ్రంగిని ఇంటికి పిలిచి మీ అరుగు మీదే, రోజు కూలీకి పని చేయించుకోండి. నున్నగా రాకపోయినా కలప మీదే ఉంటుంది. పంపక తప్పకపోతే ప్రతి చెక్కకీ రెండు వైపులా ఫోటో తీసి, కనపడని చోట ఉలితో గుర్తు పెట్టించండి. కాటా వేయించి బరువు, ఎన్ని అడుగుల కలపో, "కస్టమరు సొంత కలప, మిగిలిన ముక్కలు వాపసు" అని బిల్లు మీద రాయించండి. రాయనంటే అక్కడినుంచి వచ్చెయ్యండి. పాలిష్ వెయ్యకముందు ఒకసారి వెళ్ళి చూసి రండి, ఆఖరి డబ్బు అప్పటిదాకా ఇవ్వకండి. టేకుని చిత్రిక పడితే లోపల బంగారు రంగు తేలుతుంది, చెయ్యికి కాస్త జిడ్డు తగులుతుంది, తోలు వాసనలాంటిది వస్తుంది. రంగు పూశాక ఇవేవీ తెలియవు. పాత ఇత్తడి బిందెలూ గంగాళాలూ మార్చుకునేవాళ్ళు కూడా తూకం మీ కళ్ళ ముందే చూసుకోండి.

ఆ తలుపులు ఇవాళ్టికీ ఆ హాల్లోనే ఉన్నాయని మా తమ్ముడు చూసి వచ్చాడు. ఆరున్నర అడుగుల రెక్కలు, ఒక్కోదానికీ పన్నెండు ఇత్తడి పువ్వులు, కుడి రెక్కకి మధ్యలో డమరుకం అతుకు, దానికి రెండు చెక్క చీలలు. ఎవరైనా ఇల్లు కట్టుకుంటూ అక్కడికి వెళ్తే వాటిని కొనకండి. ఈలోపే ఎవరైనా కొనేసి ఉంటే మీ మీద మాకు కోపం లేదు, బిల్లు మాత్రం పారెయ్యకండి. కేసుకి అది కావాలి.