పాత కోర్ ఐ5 డెస్క్‌టాప్‌లో రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600: రెండేళ్ల వాడకం తరువాత

రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డ్‌ను నేను వాడుతున్నది దానికి సమవయస్కమైన కంప్యూటర్‌లో కాదు; 2014లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-4590 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్‌లో. అంతకుముందు అందులో 2 జీబీ మెమరీ గల జీటీఎక్స్ 750 టీఐ అనే పాత గ్రాఫిక్స్ కార్డ్ ఉండేది. రెండేళ్లకు పైగా ఆటలకూ, వీడియోలకూ, కొంత త్రీడీ పనికీ వాడిన తరువాత నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: ఈ కార్డ్ పాత కంప్యూటర్‌లో బొమ్మ నాణ్యతను పూర్తిగా మార్చగలదు, బొమ్మ కదిలే తీరును మాత్రం సగమే మార్చగలదు. మిగతా సగం ప్రాసెసర్ చేతిలో ఉంటుంది.

ముందుగా కరెంటు సంగతి. 750 టీఐ 60 వాట్ల కార్డ్ కనుక మదర్‌బోర్డ్ స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే సరిపెట్టుకునేది. ఆర్‌ఎక్స్ 6600కు 132 వాట్లు కావాలి కాబట్టి కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా ఎనిమిది పిన్నుల కనెక్టర్ ఇవ్వాలి. ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అంకెలతో అచ్చువేసిన మొత్తం వాట్లను చూసి నిశ్చింతగా ఉండకూడదు. 12 వోల్టుల లైన్ మీద ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో లేబుల్‌లో చదవాలి. లోపలి కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడతాయి కాబట్టి నేను ఎస్‌ఎంపీఎస్‌ను కూడా కార్డ్‌తో పాటే మార్చాను. హార్డ్‌డిస్క్‌కు వెళ్లే పాత తీగలను కలిపి ఎనిమిది పిన్నులుగా మార్చే అడాప్టర్లు దొరుకుతాయి గాని, గంటల తరబడి భారం పడే చోట వాటిని వాడడం నాకు సమ్మతం కాదు.

పాత కార్డ్ తీయకముందే మదర్‌బోర్డ్ బయాస్‌ను (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌ను) తాజా వెర్షన్‌కు మార్చి, యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ అయ్యేలా పెట్టుకోవడం అవసరం, ఎందుకంటే పాత పద్ధతిలోనే మొదలయ్యే బోర్డ్‌లలో కొత్త తరం కార్డ్‌లు ఒక్కోసారి తెర మీద ఏమీ చూపించవు. కార్డ్ మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకోగలిగే రీసైజబుల్ బార్ సదుపాయం ఈ తరం బోర్డ్‌లలో అధికారికంగా లేదు. ఆర్‌ఎక్స్ 6600కు దానివల్ల కలిగే నష్టం స్వల్పమే. ఇంటెల్ ఆర్క్ కార్డ్‌లు మాత్రం ఆ సదుపాయం మీద ఎంతగానో ఆధారపడతాయి కనుక ఇలాంటి కంప్యూటర్‌కు వాటిని నేను సూచించను. కొత్త కార్డ్‌లో హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటాయి. వీజీఏ తీగతో నడిచే మానిటర్ ఉన్నవారు కన్వర్టర్ కూడా సిద్ధం చేసుకోవాలి.

కొనేముందు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్ల సంఖ్య, అంటే కార్డ్‌కూ బోర్డ్‌కూ మధ్య సమాచారం నడిచే దారుల సంఖ్య. స్లాట్ పదహారు లేన్లదే అయినా ఆర్‌ఎక్స్ 6600 ఎనిమిదింటినే వాడుకుంటుంది. నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉన్న బోర్డ్‌లో సెకనుకు సుమారు 16 జీబీ సమాచారం ప్రయాణించగలిగితే, నా బోర్డ్‌లోని మూడో తరంలో అందులో సగమే వెళ్లగలదు. అయినా ఆటకు కావలసిన సరంజామా కార్డ్‌లోని 8 జీబీ మెమరీలో ఇమిడినంత వరకు ఈ తేడా నా కంటికి ఆనలేదు. మెమరీ చాలక ర్యామ్ వైపు చేయి చాచినప్పుడే ఆ దారి ఇరుకు తెలుస్తుంది. అందువల్లనే 4 జీబీ మెమరీ, నాలుగే లేన్లు గల ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ పాత బోర్డ్‌కు తగదని నా నిశ్చితాభిప్రాయం.

ఇక అసలు విషయం ఆటలు. ప్రతి ఫ్రేమ్‌లో పాత్రల కదలికలను, భౌతిక నియమాలను లెక్కగట్టి, ఏమేమి గీయాలో కార్డ్‌కు ఆదేశించేది ప్రాసెసరే. నా ఐ5లో నాలుగు కోర్లకు నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపించగల పనుల వరుసలు) ఉన్నాయి. జనం కిక్కిరిసిన నగరాలలో సాగే విశాలమైన ఆటలలో ఆ నాలుగూ నూరు శాతం పనిలో మునిగి ఉండగా కార్డ్ సగం ఖాళీగా కూర్చుంటుంది. అటువంటి చోట రిజల్యూషన్ తగ్గించినా, తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఎఫ్ఎస్ఆర్ వంటి అప్‌స్కేలింగ్ పెట్టినా ఫ్రేమ్‌లు పెరగవు, ఎందుకంటే అవి తగ్గించేది కార్డ్ భారాన్నే. సగటు ఫ్రేమ్‌ల సంఖ్య చూడముచ్చటగా ఉన్నా, మలుపు తిరిగినప్పుడల్లా కలిగే చిన్న చిన్న కుదుపులు సగటులో కనబడవు. కొత్త ఆట మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (బొమ్మను ఎలా గీయాలో కార్డ్‌కు చెప్పే చిన్న ప్రోగ్రామ్‌లు) కంపైల్ కావడానికి పట్టే సమయం కూడా ఓర్పును పరీక్షిస్తుంది.

కాబట్టి నా వాడకం తలకిందులైంది. టెక్స్చర్లు, లైటింగ్ వంటి కార్డ్ భరించే అంశాలన్నిటినీ పై స్థాయిలో ఉంచి, జనసాంద్రత, దూరదృశ్యాల వంటి ప్రాసెసర్ భరించే అంశాలను తగ్గించి, ప్రాసెసర్ నిలకడగా అందించగలిగిన స్థాయికి కాస్త దిగువన ఫ్రేమ్‌లకు పరిమితి విధించాను. కుదుపులు చాలావరకు సర్దుకున్నది ఈ పరిమితి వల్లనే. ఆ తరువాత 1440పీ మానిటర్ తీసుకున్నప్పుడు చాలా ఆటలలో వేగం పెద్దగా తగ్గకుండానే బొమ్మ స్పష్టత పెరిగింది. ఖాళీగా ఉన్న కార్డ్‌కు అప్పుడు పని దొరికింది. కాంతి కిరణాల దారిని లెక్కగట్టి వెలుగునీడలు చూపే రే ట్రేసింగ్ జోలికి నేను పోను. అది కార్డ్‌కే కాక ప్రాసెసర్‌కు కూడా అదనపు భారం.

ఆటలకు బయట లభించిన లాభాన్ని నేను ముందుగా ఊహించలేదు. ఏవీ1 అనే కొత్త కుదింపు పద్ధతిలో వచ్చే 4కే వీడియోలను పాత కార్డ్ డీకోడ్ చేయలేదు కనుక ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ హోరెత్తేది. ఇప్పుడు కార్డే ఆ పని చూసుకుంటుంది. అయితే ఏవీ1లో వీడియోను తయారుచేసే ఎన్‌కోడర్ ఇందులో లేదు, అది కావలసినవారు తరువాతి తరం కార్డ్ చూసుకోవాలి. త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో పాత కార్డ్ 2 జీబీలో పట్టని దృశ్యాలు ఇప్పుడు కార్డ్ మీదనే రెండర్ అవుతున్నాయి, అయితే రెండరింగే ప్రధాన వృత్తి అయినవారికి రెండరింగ్‌ను వేగవంతం చేసే ఆప్టిక్స్ తోడ్పాటు ఉన్న ఎన్విడియా కార్డ్‌లు మేలు. వేడి, శబ్దం విషయంలో చెప్పుకోదగిన ఇబ్బంది లేదు. భారం తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోతాయి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. ఇంటెల్ ప్రాసెసర్లలో విండోస్ 11 అధికారికంగా స్వీకరించేది ఎనిమిదో తరం నుంచి, నాది నాలుగో తరం. లినక్స్‌లో ఈ కార్డ్ డ్రైవర్ ఆ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ దారి తెరిచే ఉంది. నాలాగే ఐ5 ఉన్నవారు ఇంకో అడుగు వేయదలిస్తే, అదే సాకెట్‌లో అమరే ఎనిమిది థ్రెడ్ల కోర్ ఐ7-4790 వాడినదైనా వెతకవచ్చు. అంతకంటే ఎక్కువ ఖర్చు ఈ బోర్డ్ మీద పెట్టడం దండగ. కార్డ్‌ను మాత్రం తరువాతి కంప్యూటర్‌లోకి మార్చుకుని, అక్కడ దాని ఎనిమిది లేన్లను పూర్తి వేగంతో నడిపించుకోవచ్చు.