పూర్తిగా దిగాక ఛార్జింగా, మధ్యలోనే పెట్టడమా: డ్రిల్లు బ్యాటరీకి ఏది మేలు?

“బ్యాటరీ పూర్తిగా దిగిపోయేదాకా వాడి, ఆ తరువాతే ఛార్జింగ్ పెట్టాలి.” కార్డ్‌లెస్ డ్రిల్లు కొన్నవారికి ఎవరో ఒకరు ఈ మాట చెబుతారు. నికెల్-కాడ్మియం బ్యాటరీల రోజుల్లో అది మంచి సలహాయే. వాటిని పదేపదే ఒకే స్థాయి దగ్గర ఆపి ఛార్జ్ చేస్తే, కొన్నాళ్లకు ఆ స్థాయికి రాగానే వోల్టేజీ పడిపోయేది. ఇప్పుడు దాదాపు అన్నీ లిథియం-అయాన్ బ్యాటరీలే. వాటికి ఈ అలవాటు మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

18 వోల్టుల చిన్న ప్యాక్‌లో 5 సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కొక్కటి 3.6 వోల్టులు, నిండా ఛార్జ్ అయితే 4.2. ఈ అయిదూ ఒకేలా అరగవు. చివరిదాకా పిండి వాడితే అన్నిటిలోకీ బలహీనమైన సెల్ ముందుగా అడుగంటుతుంది. ఖాళీ అయిన ప్యాక్‌ను నెలల తరబడి పెట్టెలో వదిలేస్తే ఇంకా ప్రమాదం. అది తనంతట తానే మరికొంత దిగుతుంది, సెల్ లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది, చివరికి ఛార్జర్ దాన్ని తీసుకోదు. సగం వాడి ఛార్జ్ చేయడం రెండుసార్లు జరిగినా, పూర్తిగా దించి ఒకసారి నింపినదానికన్నా అరుగుదల తక్కువ. అందుకే డ్రిల్లు జోరు తగ్గిందనిపించగానే బ్యాటరీ మార్చేయడమే మేలంటాను.

అయితే వేడి చేసే హాని ఇంతకన్నా ఎక్కువ. కాంక్రీటు గోడకు వరుసగా రంధ్రాలు వేసి ప్యాక్ బయటికి తీస్తే అరచేతికి చురుక్కుమంటుంది. అదే వేడిలో దాన్ని ఛార్జర్‌లో పెట్టే అలవాటు చాలామందికి ఉంది. మంచి ఛార్జర్ అయితే లైటు మిణుకుమిణుకుమంటూ చల్లారేదాకా ఆగుతుంది. ఆ సదుపాయం లేనిదానికి ఆగడం తెలియదు, మనమే ఆగాలి. నీడలో ఓ అరగంట ఉంచితే చాలు. గడ్డకట్టే చలిలో, అంటే 0 డిగ్రీలకు దిగువన, ఛార్జ్ చేయడం కూడా తప్పే. లిథియం లోహంగా పేరుకుపోతుంది, ఆ నష్టం చాలావరకు పూడదు.

ఇక వేగంగానా, నెమ్మదిగానా? ఇది ప్యాక్ పరిమాణాన్ని బట్టి తేలాలి. 4 ఆంపియర్ల ఛార్జర్ 5 ఆంపియర్-అవర్ (ప్యాక్‌లో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) ప్యాక్‌కు మామూలు భారమే. 2 ఆంపియర్-అవర్ ప్యాక్‌కైతే సామర్థ్యానికి రెట్టింపు కరెంటు. చిన్న ప్యాక్‌లను, తొందర లేనప్పుడు, నెమ్మది ఛార్జర్‌లో పెట్టడమే నాకు నచ్చుతుంది. పని ఆగిపోయే పరిస్థితిలో వేగం వాడుకోవచ్చు. దానికోసం బాధపడనక్కర్లేదు.

రాత్రంతా ఛార్జర్‌లో వదిలేస్తే పాడైపోతుందనే భయం అతిశయోక్తే. నిండగానే ఛార్జర్ కరెంటు ఆపేస్తుంది. కాకపోతే వారాల తరబడి 4.2 వోల్టుల దగ్గరే, అందునా వేడి గదిలో ఉంచితే సెల్స్ ముసలితనం త్వరగా వస్తుంది. కొన్నాళ్లు వాడకపోతే, ప్యాక్ మీద బటన్ నొక్కితే వెలిగే నాలుగు లైట్లలో రెండు వెలిగేంత ఛార్జితో చల్లని పొడి చోట ఉంచండి. రెండు మూడు నెలలకోసారి బటన్ నొక్కి చూడండి, ఒక్క లైటే వెలిగితే కాస్త ఛార్జ్ చేసి మళ్లీ అక్కడే పెట్టండి.