ఆపద వేళ మొదటి మాట ఎక్కడ పెట్టాలి: పేజీలోనా, వాట్సాప్‌లోనా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక బడికి ప్రకటనలు రాసే పని నాది. ఫీజు గడువులు, సెలవులు, వార్షికోత్సవం పిలుపులు ఎక్కడ పెట్టినా పెద్ద తేడా ఉండదు. తేడా ఎంతటిదో ఒక వానాకాలం సాయంత్రం తెలిసింది.

పాతపట్నం వైపు వెళ్లే మా బస్సు దారిలో నీళ్లు అడ్డుపడి ఆగిపోయింది. డ్రైవరు దాన్ని మెరక మీద నిలిపి, 4.40కి ఫోను చేశాడు. పిల్లలందరూ క్షేమం. నేను రెండు వాక్యాలు రాసి చూపిస్తే, "అన్ని వివరాలూ తెలిశాక ఒకేసారి చెబుదాం" అన్నారు పెద్దలు. 5 గంటలకు తల్లిదండ్రుల గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. కాలవలోకి ఒరిగిన పసుపు బస్సు. అది మా బస్సు కాదు, ఆ రోజుదీ కాదు. కానీ మేము నోరు విప్పలేదు కాబట్టి ఆ ఫొటోయే మా ప్రకటన అయింది. 6.15కి ఫేస్‌బుక్ పేజీలో చక్కని ప్రకటన పెట్టాం. దాని కింద ఒక తల్లి అడిగింది: "ఇంతసేపూ ఎందుకు చెప్పలేదు?" దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి పేజీనీ, వాట్సాప్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తూనే ఉన్నాను.

పేజీకి ఉన్న బలం దాని నిలకడ. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో అక్కడే కనిపిస్తుంది. పొరపాటు దొర్లితే అక్కడే దిద్దవచ్చు. విలేకరులు, పక్క జిల్లాల వాళ్లు, దూరాన ఉన్న బంధువులు వెతుక్కుంటూ వచ్చేది అక్కడికే. 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగినప్పుడు ఇది బాగా తెలిసింది. విశాఖ, రాజమండ్రి మీదుగా చెన్నై వెళ్లే బండి అది. సహాయ కేంద్రాల ఫోను నంబర్లను రైల్వే వాళ్లు ట్విట్టర్‌లో పెట్టారు. ప్రమాదానికి మతం రంగు పులిమే పుకార్లు మొదలయ్యేసరికి, అవి అబద్ధమని, వ్యాపింపజేస్తే చట్టపరమైన చర్య తప్పదని ఒడిశా పోలీసులు అక్కడే బాహాటంగా చెప్పారు. అలాంటి మాట వెయ్యి వాట్సాప్ గ్రూపుల్లో విడివిడిగా చెప్పడం ఎవరి తరమూ కాదు.

కానీ మా ఊళ్లో ఆ పేజీ ఎవరు చూస్తారు? కూరగాయల దుకాణం నడిపే తండ్రి చూడడు. చూసినా, నిన్నటి పోస్టు పైన, ఇవాళ్టిది కింద కనిపించవచ్చు. పైగా ఇక్కడి ప్రకటనలు చాలావరకు ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే అమ్మమ్మకు మనవడు చదివి చెప్పాలి. ఆ మనవడే బస్సులో చిక్కుకుంటే?

వాట్సాప్ నేరుగా చేతిలోకి వస్తుంది. తెలుగులో, తెలిసిన గొంతుతో, అర నిమిషం మాటగా పంపవచ్చు. చదువు రానివాళ్లకూ అందుతుంది. మొదటి గంటలో దీనికి సాటి లేదని నా అనుభవం. ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. సందేశం ఒకసారి ముందుకు కదిలితే దాని తలా తోకా ఊడిపోతాయి. "రేపు బడికి సెలవు" అని మేము మంగళవారం పంపింది శుక్రవారం దాకా తిరిగింది. చదివినవాళ్లందరికీ "రేపు" అంటే రేపే. ఆ మాట నేను రాయడం మానేశాను. తేదీ, వారం, గంట రాస్తాను. ఎన్నోసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒకరికే పంపేలా వాట్సాప్ 2020లో కట్టడి పెట్టింది. స్క్రీన్‌షాట్‌గా మారిన సందేశానికి ఆ కట్టడి అంటదు.

మూడోది మైకు ఆటో. దాన్ని పాతకాలపుదని కొట్టిపారేయకూడదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మా గజపతి జిల్లాలో కరెంటూ పోయింది, ఫోన్లూ మూగబోయాయి. కొండల్లో బారాఘరా దగ్గర వానకు తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడింది. టవరు పడిపోయాక పేజీ అయినా, గ్రూపు అయినా ఒకటే. 2019లో ఫొని తుపాను వచ్చినప్పుడు ఒడిశా ప్రభుత్వం 26 లక్షల సందేశాలు పంపుతూనే సైరన్లు, మైకులు, మనుషులు అన్నిటినీ వాడింది.

మా బడిలాంటి చోటుకు నా తీర్పు ఇది: మొదటి మాట వాట్సాప్‌లోనే, పది నిమిషాల్లో వెళ్లాలి. అదే మాట, అక్షరం మారకుండా, వెంటనే పేజీలోకి ఎక్కాలి. గ్రూపులో నిర్వాహకులు మాత్రమే రాసేలా తాళం వేయడం తప్పు కాదు. కానీ అడగడానికి ఒక నంబరు, ఎత్తడానికి ఒక మనిషి ఉండి తీరాలి. పేజీలో కోపంగా రాసిన వ్యాఖ్యలను తొలగించకూడదు. అది భయపడిన తల్లి నోరు నొక్కడం.

ఆ సాయంత్రం పంపవలసిన సందేశం ఇప్పుడు నా ఫోనులో నమూనాగా ఉంది: "గురువారం, సాయంత్రం 4.50. రెండో నంబరు బస్సు నీళ్ల వల్ల మెరక మీద ఆగింది. పిల్లలందరూ బస్సులోనే క్షేమంగా ఉన్నారు. ఎప్పుడు బయలుదేరుతుందో ఇంకా తెలియదు. 5.10కి మళ్లీ చెబుతాం." ఇందులో ప్రాణం పోసేది చివరి వాక్యం. మళ్లీ ఎప్పుడు చెబుతారో తెలిస్తే ఆ ఇరవై నిమిషాలూ మనిషి ఓపిక పడతాడు. అందుకే కొత్త సంగతి లేకపోయినా 5.10కి చెప్పి తీరాలి.

ఆ నమూనా తెలుగులోనూ ఒడియాలోనూ ఉంది, సవరలో లేదు. మా బడికి కొండ ఊళ్ల నుంచి వచ్చే పిల్లల ఇళ్లలో మాట్లాడేది సవర. ఇదే ఊళ్లో పాఠాలు చెబుతూ గిడుగు రామమూర్తి పంతులు నేర్చుకున్న భాష అది. వచ్చే ఆదివారం ఒక సవర మాస్టారి పక్కన కూర్చుని, ఆయన గొంతుతో ఈ సందేశాన్ని రికార్డు చేయించుకోబోతున్నాను.